బరువెంత అని అడుగుతరు గని, బలమెంత అని ఎవ్వలు అడుగరు

పోయినేడు ఎండకాలం నా పానం అస్సలు బాగుండకపోతుండె. నాలుగు మెట్లెక్కితే దమ్ము. నీళ్ళ బిందె చంకకెత్తితే కండ్ల ముంగట చీకటి. మీటింగుల పది నిమిషాలు మాట్లాడితే కూసోబుద్ధైతుండె. నలభై ఆరేండ్లకే గిట్లైతే అరవైల నా గతేంది అనుకుని, పట్నంల ఒక ప్రైవేటు దవాఖానకు పోయిన.

డాక్టర్ మొఖం చూడకముందే అక్కడున్న పిల్ల నన్ను తూకం మిషనెక్కించింది. 74 కిలోలు. ఆ నంబరు నాకన్నా ముందే డాక్టర్ బల్ల మీదికి పోయింది. నేను దమ్ము అన్న, తలకాయ తిరుగుడు అన్న, కాళ్ళు గుంజుడు అన్న. ఆయన కాయితం మీదికెళ్ళి తల ఎత్తకుండనే "బరువు తగ్గాలమ్మా, తగ్గితే అన్నీ అవే పోతయ్" అన్నడు. ఫీజు కట్టినంక చేతుల ఒక డైట్ చార్టు పెట్టిండ్రు. జిరాక్స్ కాయితం. పైన నా పేరొక్కటే పెన్నుతోని రాసింది. పొద్దుగాల ఓట్స్, పగటీలి ఒక్క పుల్కా, కీరదోసకాయ ముక్కలు, రాత్రికి సూపు. రోజుకు 1,200 కేలరీలు అని అచ్చేసి ఉన్నది. నా ఎనుక కూసున్న ముసలామె చేతుల గూడ అదే కాయితం.

రెండు నెలలు ఒక్క రోజు తప్పకుండ చేసిన. మొండిదాన్ని గద. ఆరు కిలోలు తగ్గిన. వాడకట్టుల మస్తు పేరొచ్చింది. "అక్కా, సన్నబడ్డవ్, మంచిగైనవ్, ఏం తింటున్నవో మాక్కూడ చెప్పు" అని అడిగేటోళ్ళు అడుగుతనే ఉన్నరు. గాళ్ళకు తెల్వనిది ఏందంటే, ఆ దినాలల్ల నాకు తడిచిన చీర పిండ శాతనైతలేదు. ఒక కొస నా బిడ్డ పడితే, ఇంకో కొస నేను పట్టి తిప్పుడు. దువ్వెన నిండ వెంట్రుకలు. మనిషిని మంచిగైన అంటున్నరు, చెయ్యేమో చీర పిండుతలేదు.

ఆఖరికి బీడీ కార్ఖానా గేటు ముంగట ధర్నాల పడిపోయిన. నీళ్ళు చల్లి సర్కార్ దవాఖానకు ఎత్తుకపోయిండ్రు. అక్కడి నర్సమ్మ నా కన్ను కింది రెప్ప కిందికి గుంజి చూసింది, ఏలు పొడిచి రక్తం తీసింది. హిమోగ్లోబిన్ 7.6. ఆడమనిషికి 12 ఉండాలె. 8 కన్నా కిందికి పోతే తీవ్రమైన రక్తహీనత అంటరు. ఆమె అడిగిన మొదటి మాట "అక్కా, నెలసరి ఎన్నొద్దులు ఉంటది?" అని. ఎనిమిది, తొమ్మిదొద్దులు. మూడేండ్ల సంది గదే లెక్క. స్కానింగుల గర్భసంచిల గడ్డలు కనబడ్డయ్. నెలనెలా రక్తం పోతుంటే, నేనేమో ఓట్స్ తినుకుంట ఉన్న. మొదటి డాక్టర్ అడుగలే, నేను చెప్పలే. ఆ తప్పుల నాది సగమున్నది. యూనియన్ల ఇరవై ఏండ్ల సంది మైకు పట్టుకుంటున్నదాన్ని, నెలసరి మాట మగ డాక్టర్ ముంగట నోట్లకెళ్ళి రాలే.

ఇది నా ఒక్కదాని కత అయితే గిక్కడ రాయకపోదును. 2019-21ల సర్కారే చేసిన కుటుంబ ఆరోగ్య సర్వే, అదే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5, లెక్కలు చూడుండ్రి. తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్ళల్ల నూటికి 57.6 మందికి రక్తం తక్కువ. ఆంధ్రల 58.8. అదే సర్వేల తెలంగాణ ఆడోళ్ళల్ల నూటికి 30.1 మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువు, 18.8 మంది ఉండాల్సిన దానికన్నా తక్కువ బరువు. ఈ మూడు నంబర్లు ఒక్క దగ్గర పెట్టి చూస్తే ఒక సంగతి సమజైతది. లావున్నోళ్ళల్ల గూడ రక్తం లేనోళ్ళు ఉన్నరు. కడుపు నిండుతున్నది గని ఒంటికి పట్టేది అందుతలేదు. మూడు పూటల దొడ్డు బువ్వ, నీళ్ళ పప్పుచారు, పచ్చిపులుసు, నడుమ నాలుగు చాయలు. గిట్ల తింటే ఒళ్ళు పెరుగుతది, నెత్తురు పెరుగది, కండ పెరుగది. ఆమెను పట్టుకుని "తక్కువ తిను" అంటే, అందుతున్న జర్రంత గూడ బందైతది.

లావు మంచిదే అని నేను చెప్తలేను. షుగరు, బీపీ మా వాడకట్టుల గూడ ఇంటికొకరికి ఉన్నయ్. నడుము చుట్టూ కొవ్వు పేరుకుంటే ముప్పే. ఆడోళ్ళకు నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటితే జర సోయిల ఉండాలంటరు. గని బరువు ఒక్కటే చూసి మనిషి పానం లెక్కగట్టుడు తప్పు. ఎత్తును, బరువును కలిపి తీసే బీఎంఐ అనే లెక్క ఉన్నది గద, దాని మూలం బెల్జియం దేశంల ఆడాల్ఫ్ కెట్లే అనే లెక్కల పండితుడు 1830లల్ల తీసింది. ఆయన డాక్టర్ కాదు. జనం మొత్తంల సగటు మనిషి ఎట్లుంటడో చూసెతందుకు తీసిండు. అండ్ల కండెంత, కొవ్వెంత, రక్తమెంత అన్న ముచ్చటే లేదు.

ఇగ 1,200 కేలరీల సంగతి. మన హైదరాబాద్ తార్నాకల జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. దేశం మొత్తానికి ఎవరెంత తినాలెనో లెక్కలు చెప్పేది అదే. వాళ్ళు 2020ల చెప్పిన లెక్క ప్రకారం 55 కిలోల ఆడమనిషి కూసుండి చేసే పనిల ఉంటే రోజుకు 1,660 కేలరీలు కావాలె. మధ్యరకం పనికి 2,130. బరువు పనికి 2,720. కూసుండి సీరియల్ చూసే మనిషికి గూడ 1,660 అంటుంటే, పొద్దంత చాటల బీడీలు చుట్టి, నీళ్ళు మోసి, పొయ్యి కాడ నిలబడి, నాటు టైంల కైకిలి గూడ పోయే మనిషికి 1,200 రాసిచ్చే చార్టు ఎవలి కోసం అచ్చేసిండ్రో నాకు సమజ్ గాలే.

తక్కువ తింటే లోపల ఏమైతదో నాకు నర్సమ్మ చెప్పింది, ఆ తర్వాత నేను గూడ చదివి తెలుసుకున్న. తిండి ఒక్కసారి సగానికి కోస్తే, శరీరం కరువొచ్చింది అనుకుంటది. కొవ్వు కరుగుతది, నిజమే. దాంతోని కండ గూడ కరుగుతది. మాంసకృత్తులు తక్కువున్న చార్టయితే ఇంకా ఎక్కువ కరుగుతది. తూకం మిషనుకు కొవ్వు పోయిందా, కండ పోయిందా తెల్వదు. అది ఆరు కిలోలు తగ్గింది అనే చెప్తది. రెండు మూడు నెలలకు వెంట్రుకలు ఊడుతయ్. వయసు పిల్లలకైతే నెలసరే ఆగిపోతది. చానా జల్ది బరువు దిగితే పిత్తాశయంల రాళ్ళు గూడ వస్తయ్. చార్టు ఇడిసిపెట్టినంక ఆకలి రెండింతలై లేస్తది. పోయిన బరువు మల్ల వస్తది గని, అప్పుడు వచ్చేది ఎక్కువ శాతం కొవ్వే. పోయిన కండ దానంతటదే రాదు. అంటే రెండు మూడు సార్లు గిట్ల డైటింగ్ చేసిన ఆడమనిషి అదే బరువుకు తిరిగొస్తది, బలం మాత్రం ముందుకన్న తక్కువుంటది.

మా అవ్వ కాలంల ఆకలి పేదరికంతోని వచ్చింది. అందరు తిన్నంక గంజి అడుగున మిగిలింది తిన్నది. ఇప్పుడు నా బిడ్డ సోపతిగాళ్ళు డిగ్రీ చదివెటోళ్ళు పగటీలి టిఫిన్ డబ్బా తెరుస్తలేరు. పెండ్లి చూపులకు సన్నగుండాలెనట. పెండ్లైనంక లావైతే మొగని తరఫోళ్ళ మాటలు, కాన్పైనంక పొట్ట తగ్గలేదని మల్ల మాటలు. అవ్వ తినకపోతే "త్యాగం" అన్నరు, మనుమరాలు తినకపోతే "ఫిట్‌నెస్" అంటున్నరు. రెండిట్ల ఖాళీగున్నది ఆడదాని పళ్ళెమే. మా వాడకట్టుల ఒకామె బరువు తగ్గే పౌడరు డబ్బాలు అమ్ముతది, డబ్బా ధర ఒక బీడీ కార్మికురాలి వారం కూలికన్నా ఎక్కువ. ఆమెను నేను తప్పు పడ్తలేను, ఆమెకు గూడ బతుకుదెరువు గావాలె గద.

ఇంకో మాట నాకు పదేపదే ఎదురైతది. "కష్టం చేసుకునే ఆడోళ్ళకు మల్ల ఎక్సర్‌సైజు ఎందుకు? పొద్దంత చేసేది గదే గద" అని. నేను గూడ గట్లనే అనుకుంటుండె. గని కష్టం వేరు, కసరత్తు వేరు. గ్యాస్ సిలిండర్ ముచ్చట తీసుకుందాం. అండ్ల గ్యాసే 14.2 కిలోలు, ఇనుప బండతోని కలిపితే దగ్గరదగ్గర 30 కిలోలు. గది గుంజేటప్పుడు నడుము వంచి గుంజుతం. ఆ పని ఎవలు నేర్పలే. అలిసినంక పండుకునే టైం లేదు. పని చేసినంక ఒంటికి కావల్సిన తిండి లేదు. కండ పెరిగేది పని చేసేటప్పుడు కాదు. పని చేసినంక తిండి తిని, నిద్రపోయి, ఒక రోజు ఇడిసిపెడితే అప్పుడు పెరుగుతది. తిండి, నిద్ర, ఆరాం లేకుండ అదే పని రోజూ చేస్తే కండ అరుగుతది, కీలు అరుగుతది. అందుకే జీవితమంత బరువులెత్తిన మా అత్తమ్మకు అరవై ఏండ్లకే మోకాళ్ళు పోయినయ్. బీడీల పనైతే ఇంకా అన్యాయం. ఎనిమిది గంటలు ఒక్క తీరుగ కూసుండుడు. వేళ్ళు ఉరుకుతయ్, తొడలు, నడుము, ఎముకలు కదలకుండ పడుంటయ్.

బలం అంటే బరువు తగ్గుడు కాదన్నదానికి మన తెలుగు ఆడబిడ్డ కతే సాక్ష్యం ఉన్నది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటల పెరిగిన కరణం మల్లీశ్వరి 1994, 1995ల ప్రపంచ చాంపియన్ అయ్యింది 54 కిలోల విభాగంల. ఐదేండ్లకు, 2000ల సిడ్నీ ఒలింపిక్స్‌ల, 69 కిలోల విభాగంల నిలబడ్డది. స్నాచ్‌ల 110, క్లీన్ అండ్ జెర్క్‌ల 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌ల పతకం గెల్చిన మొదటి భారత ఆడమనిషి ఆమెనే. ఒలింపిక్స్‌ల ఆడోళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ యేడు. నాకు ఆమె కతల నచ్చేది ఏందంటే, ఆమె చిన్న విభాగంలకెళ్ళి పెద్ద విభాగంలకు పోయింది. ఆమె ఒంటికి బరువు పెరిగింది, ఆ పెరిగిన బరువుతోనే పతకం వచ్చింది. మన ఇంట్ల పిల్ల 54కెళ్ళి 69కి పోతే ఏమంటుంటిమో ఒక్కసారి అనుకోండ్రి. మా దిక్కు నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ 2022ల ఇస్తాంబుల్‌ల, 2023ల ఢిల్లీల రెండు సార్లు బాక్సింగ్‌ల ప్రపంచ చాంపియన్ అయ్యింది. ఆ పిల్ల భుజాలు చూసి మా వాడకట్టుల ఒక పెద్దామె "మొగపిల్లగాని లెక్క ఉన్నది" అన్నది. గదే భుజం ఆమె మనుమరాలికుంటే నీళ్ళ డ్రమ్ము ఒక్కతే లేపుతది గద అని నేనన్న. నవ్వింది గని ఒప్పుకోలే.

అందరం చాంపియన్లం గావాలని కాదు. ముప్పై ఏండ్లు దాటినంక పట్టించుకోకపోతే కండ పదేండ్లకు నూటికి మూడు నుంచి ఎనిమిది వంతులు తగ్గుకుంట పోతది. నెలసరి ఆగినంక ఎముక గూడ జల్ది పలుచబడ్తది. మన దగ్గర ఈ కష్టం ఇంకా ముందే మొదలైతున్నది, ఎందుకంటే గర్భసంచి ఆపరేషన్లు. 2015-16 సర్వేల దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్ళల్ల నూటికి 3.2 మందికి గర్భసంచి తీసేస్తే, ఆంధ్రల 8.9, తెలంగాణల 7.7. దేశంల అందరికన్నా పైన మనమే ఉన్నం. అండాశయాలు గూడ తీసేస్తే ఆ మరునాటి సంది ఎముకకు కాపలా కాసే హార్మోను బందైతది. ఉంచినా గూడ కొందరికి ముట్లు ఆగే వయసు ముందుకొస్తది. ముప్పై ఐదేండ్లకు ఆపరేషన్ అయిన ఆడమనిషి నలభై ఐదుకే ముసలామె లెక్క మెట్లకు చెయ్యి పట్టుకుంటది. నాకు గూడ మొదలు "తీసేద్దాం, ఒక్కసారే పీడ పోతది" అన్నరు. నేను మల్లొక డాక్టరమ్మను అడిగిన. ఆమె రక్తం తక్కువ పోనీకి మందులిచ్చింది, ఐరన్ సెలైన్ల ఎక్కించింది, ఆరు నెలలకు స్కానింగుకు రమ్మన్నది. అందరికి గిట్లనే కుదురుతదని కాదు, కొందరికి ఆపరేషన్ తప్పదు. గని రెండో మాట అడుగకుండ బల్లెక్కకుండ్రి.

తిండి సంగతి జర లెక్కేసి చెప్త, ఎందుకంటే "మంచిగ తిను" అనుడు ఉత్త మాట. ఆ తార్నాక లెక్క ప్రకారం కిలో ఒంటి బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు గావాలె. 55 కిలోల మనిషికి 46 గ్రాములు. మూడు పూటల కలిపి 300 గ్రాముల బియ్యం వండుకుని తింటే దాంట్ల 23 గ్రాముల దాక వస్తది. నీళ్ళ పప్పుచారు గిన్నెడు పోసుకుంటే నాలుగు గ్రాములు, మజ్జిగల రెండు. మొత్తం 30 దాటది. ఇంకో 16 గ్రాములు తక్కువ. ఒక గుడ్డుకు ఆరు గ్రాములు, పిడికెడు పల్లీలకు ఏడు. పప్పు పలుచగ కాకుండ గట్టిగ వండుకుంటే మిగిలింది గూడ వస్తది. అంటే మన ఆడమనిషికి కావల్సింది సూపు కాదు, ఒక గుడ్డు, పిడికెడు పల్లీలు, గంటెడు గట్టి పప్పు. బియ్యం జర తగ్గించి ఒక పూట జొన్నరొట్టె చేసుకుంటే షుగరున్నోళ్ళకు గూడ మంచిదే. ఇంట్ల గుడ్లు ఉడకబెట్టిన్నాడు ఎవలి పళ్ళెంల ఎన్ని పడుతున్నయో లెక్కబెట్టుండ్రి. మా ఇంట్ల నేను లెక్కబెట్టిన. వండిన నాకు సున్న.

రక్తానికి ఐరన్. మన ఆడోళ్ళకు రోజుకు 29 మిల్లీగ్రాములు గావాలె, మగోళ్ళకు 19. మనకు పదెక్కువ గావాలె, ఇంట్లనేమో మనకే తక్కువ పెడ్తరు. ఆకుకూరల ఐరన్ ఒంటికి జర కష్టంగ పట్టుతది, నిమ్మకాయ పిండుకుంటే, ఉసిరికాయ తింటే మంచిగ పట్టుతది. తినంగనే చాయ్ తాగితే మాత్రం ఆ ఐరన్‌ను చాయ్ పట్టుకుని పోనియ్యది. గంట ఆగాలె. బీడీలు చుట్టెటోళ్ళకు ఇది చెప్తే కోపానికి వస్తరు, ఎందుకంటే చాయ్ మాకు తాగేది కాదు, ఆకలి చంపేది. ఐరన్ గోలీలు మింగితే దొడ్డికి నల్లగ వస్తది, భయపడి బంద్ చేస్తరు. అది మామూలే. రక్తం 12కు వచ్చినంక గూడ ఇంకో మూడు నెలలు మింగాలె, లేకుంటే ఖజానా నిండదు.

సర్కార్ చేసేది లేదా అంటే, ఉన్నది. ఆరోగ్య లక్ష్మి కింద 2015 జనవరి 1 సంది అంగన్వాడీల కడుపుతోని ఉన్నోళ్ళకు, పాలిచ్చే తల్లులకు ఒక పూట నిండు భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు పెడుతున్నరు. మంచి పథకం. మా ఊర్ల ఆ గుడ్డు దొరకకపోతే కొట్లాడింది మేమే. గని నాకొక్క ప్రశ్న. కడుపుల బిడ్డ ఉంటెనే ఆడదాని ఆకలి సర్కారుకు కనబడుతదా? బిడ్డ పుట్టి పాలు మర్చినంక ఆమె ఎవలు? బడి పిల్లలకు వారానికొక నీలం గోలీ ఇస్తరు. 2018ల అనీమియా ముక్త్ భారత్ అని పెట్టినప్పుడు కాన్పు వయసుల ఉన్న ఆడోళ్ళందరికి గూడ వారానికొక గోలీ అని రాసుకున్నరు. మా వాడకట్టుల బీడీలు చుట్టే ఇరవై ఇద్దరిని కూసోబెట్టి అడిగిన. కడుపుతోని లేనప్పుడు ఆ గోలీ అందిన మనిషి ఒక్కతి లేదు. తప్పు ఆశక్కలది కాదు, వాళ్ళకు ఇచ్చిన డబ్బాలనే లేవు.

నా రక్తం 11 దాటినంక, డాక్టరమ్మ సరే అన్నంక, బలం పని మొదలుపెట్టిన. అంతకుముందు ఒద్దన్నది, రక్తం లేని ఒంటితోని బరువులెత్తితే గుండె మీద పడ్తది. మా వాడకట్టుల రిటైరైన పీఈటీ టీచరమ్మ ఉన్నది. ఆమె వారానికి రెండు రోజులు పొద్దుమీకి కమ్యూనిటీ హాలుల నేర్పుతున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గూడ వారానికి రెండు రోజులన్నా కండకు పని చెప్పాలంటది. మిషన్లు లేవు. కుర్చీలకెళ్ళి చెయ్యి పెట్టకుండ లేచుడు, కూసునుడు. గోడకు చేతులు పెట్టి నూకుడు. ఐదు లీటర్ల నూనె డబ్బాల నీళ్ళు పోసి, నడుము నిలువుగ పెట్టి, మోకాళ్ళు మడిచి లేపుడు. పోయిన వారంకన్నా ఈ వారం జర ఎక్కువ. గంతే. నడుమ ఒక రోజు తప్పనిసరిగ ఆరాం.

టీచరమ్మ ఒక పరీక్ష పెడ్తది. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకండ్లల కుర్చీలకెళ్ళి ఎన్ని సార్లు లేస్తరో లెక్కబెట్టుడు. 60 నుంచి 64 ఏండ్ల ఆడమనిషి 12 సార్ల కన్నా తక్కువ లేస్తే కాళ్ళల్ల బలం తక్కువున్నట్టు, పడిపోయే ముప్పు ఎక్కువున్నట్టు. మొదటి రోజు నలభైలున్న మాల ముగ్గురం 12 దాటలే. అండ్ల నేనొకదాన్ని.

ఇప్పుడు నా బరువు 73. తగ్గిన ఆరు కిలోల్ల ఐదు తిరిగొచ్చినయ్. షుగరు లేదు, నడుము రెండు వేళ్ళు తగ్గింది, రక్తం 12.3. చీర ఒక్కదాన్నే పిండుతున్న. మా అత్తమ్మ మొదలు "గీ వయసుల గీ ఆటలేంది" అని గుణిగింది. పోయిన మంగళారం కుర్చీల కూసుండి, నేను చూస్తలేననుకుని, చేతులు కట్టుకుని లేచి చూసింది. నాలుగు సార్లు లేచింది. ఐదోసారికి కుర్చీ పట్టుకున్నది. "రేపు నన్ను గూడ తోల్కపో, గని ఆ డబ్బాల నీళ్ళు సగమే పొయ్యి" అన్నది.

హాలుల ఫ్యాన్ లేదు, లైటొకటి పోయింది. పంచాయతీకి కాయితం పెట్టినం. ఆ కాయితంలనే ఇంకోటి గూడ రాసినం: మా ఊర్ల బీడీ కార్ఖానాలకు నెలకొకసారి రక్తం చూసే నర్సమ్మను పంపాలె, ఆమె సంచిల తూకం మిషను ఉన్నా లేకున్నా ఏలు పొడిచే డబ్బా మాత్రం ఉండాలె అని.